ఖాళీ గిన్నె

మా వంటింట్లో స్టీలు సామాను అరలో ఒక గిన్నె మాది కాదు. సోలెడు పట్టే చిన్న గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా 'వి.ఎల్. 1978' అని చెక్కి ఉంటుంది. మా ఇంట్లో ఎవరి పేరూ ఆ అక్షరాలతో మొదలవదు. అది మా పక్క వాటా పిన్నిగారిది. 1986 వేసవిలో అందులో పులిహోర వచ్చింది. గిన్నె మాత్రం తిరిగి వెళ్ళలేదు.

అమ్మ మరిచిపోలేదు. అది నెలాఖరు. పులిహోర వచ్చిన గిన్నెలో ఇంత పంచదార వేసి పంపితే ఏం బాగుంటుంది, ఒకటో తారీకు రాగానే గారెలు చేసి పంపుదాం అనుకుంది. గిన్నె తోమి అరలో బోర్లించింది. ఈలోపు బాబాయిగారికి కాజీపేట ట్రాన్స్‌ఫర్ వచ్చింది. మూటలు కట్టడం, లారీ రావడం, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం, అంతా రెండు రోజుల్లో అయిపోయింది. ఆ రాత్రి అరలో గిన్నె కనపడగానే అమ్మ అక్కడే పీట మీద కూలబడింది. "పంచదారైనా వేసి ఇచ్చేయాల్సిందే" అని తర్వాత ఎన్నేళ్ళో అనుకుంది. అమ్మ పోయాక సామాను పంచుకునేటప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్క గిన్నే.

మేం పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో. ఒకే కాంపౌండులో అయిదు వాటాలు, మధ్యలో నుయ్యి, నుయ్యి పక్కన కరివేపాకు చెట్టు. అప్పట్లో రైలు పట్టాలు మా పేట మధ్యనుంచే వెళ్ళేవి. ఇప్పుడు ఆ పట్టాల జాగాలోనే బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. బెజవాడంటేనే రైల్వే ఊరు కదా, ఏ కాంపౌండులో చూసినా ఒక రైల్వే కుటుంబం ఉండేది. మా పక్క వాటా బాబాయిగారు గూడ్సు బండి డ్రైవరు. మా నాన్న పోస్టాఫీసులో గుమాస్తా. అయిదు వాటాల్లో ఎవరికీ మిగులు అంటూ ఉండేది కాదు. అయినా గిన్నెలు రోజూ తిరిగేవి. ఒకరింట్లో దోసకాయ పప్పు, ఒకరింట్లో గుమ్మడికాయ పులుసు. పాలల్లో తోడు వేయడానికి ఒక చెంచా పెరుగు. నూజివీడు నుంచి ఎవరైనా చిన్న రసాలు తెస్తే ఇంటికి రెండు.

ఆవకాయ పెట్టిన రోజైతే కాంపౌండు పిల్లలందరికీ ఒకే చోట అన్నం. కొత్తావకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి, నూనె, నెయ్యి పోసి కలిపి, వరసలో కూర్చున్న పిల్లల చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టేవారు. గుంటూరు మిరప కారానికి ముక్కూ కళ్ళూ కారుతూనే ఉండేవి, చేతులు చాస్తూనే ఉండేవాళ్ళం.

గిన్నె చేరవేసేది పిల్లలే. దానికి కొన్ని పద్ధతులుండేవి. రెండు చేతులతో పట్టుకోవాలి. దారిలో మూత తీసి చూడకూడదు. ఇచ్చాక అక్కడే నిలబడి వాళ్ళు రుచి చూసేదాకా చూడకూడదు. ఎలా ఉందని అసలే అడగకూడదు. "అమ్మ ఇచ్చి రమ్మంది పిన్నిగారూ" అని చెప్పి వచ్చేయాలి. గిన్నె తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే ఒక బెల్లం ముక్క, అదీ లేకపోతే రెండు రెబ్బల కరివేపాకు. కరివేపాకు చెట్టు అందరిదీ అయినా సరే, గిన్నెలో వేసి ఇస్తే అది మనం ఇచ్చినట్టే.

చేబదుళ్ళకీ లెక్క ఉండేది. గ్లాసు అంచు సమానంగా పంచదార తెచ్చుకుంటే గోపురం కట్టి తిరిగివ్వాలి. అడిగేటప్పుడు "మా ఇంట్లో బియ్యం లేవు" అనకూడదు, "నిండుకున్నాయి" అనాలి. లేవన్న మాట ఇంట్లో వినపడకూడదని నాయనమ్మ నమ్మకం. నాకు మాత్రం అందులో ఇంకొకటి కనపడేది. నిండుకున్నాయంటే నిన్నటిదాకా ఉన్నాయని, రేపు మళ్ళీ వస్తాయని. అడిగేవాళ్ళు తలెత్తుకుని అడగడానికి ఆ ఒక్క మాట సరిపోయేది. మన భాషలో ఇలాంటివి ఎన్నో. వెళ్తున్నాను అనం, వెళ్ళొస్తాను అంటాం. గడప దాటుతున్నవాళ్ళని ఎక్కడికి అని అడగం. ఇవి నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తప్పుగా అంటే అమ్మ ఒక్కసారి కళ్ళెత్తి చూసేది, అంతే.

అన్నిటికంటే నేర్పుగా అమ్మ చేసేది భోజనం పెట్టడం. మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. ఎండన పడి వచ్చిన మనిషిని "భోంచేస్తారా?" అని అడిగితే, కడుపులో ఎంత కాలుతున్నా, "ఇప్పుడే తిని వచ్చానండీ" అంటాడు. అందుకని అమ్మ ఆ ప్రశ్న వేసేదే కాదు. "కంచం పెట్టాను, కాళ్ళు కడుక్కోండి" అనేది. ఇక కాదనడానికి వీలుండదు. మారు వడ్డించేటప్పుడు కూడా "ఇంకొంచెం వేయనా?" అని అడగదు. "సాయంత్రానికి ఈ కూర ఉండదు, మీరు కాస్త సాయం పట్టాలి" అనేది. వచ్చినాయన అమ్మకి సాయం చేస్తున్నట్టే ఇంకొంచెం తినేవాడు. ఆ సాయంత్రం మాకు కూర ఉండేది కాదు. పచ్చడి వేసుకునేవాళ్ళం. ఆ కూర ఎందుకు లేదో మాకు తెలుసు. ఎవరం నోరు విప్పేవాళ్ళం కాదు.

ఈ విద్య అమ్మకి పుట్టింటినుంచి వచ్చిందని చాలాకాలం అనుకున్నాను. నాన్న దగ్గర నేర్చుకున్నానని తనే చెప్పింది. నాన్న నేర్చుకున్నది విస్తరి ముందు కూర్చుని.

నాన్నది మొవ్వ దగ్గర పల్లెటూరు. ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు మొదలైన 1957లోనే కాలేజీ చదువుకని బెజవాడ వచ్చాడు. మాచవరంలో ఎస్.ఆర్.ఆర్. కాలేజీ. ఫీజు కట్టేసరికి తాతయ్య చేతిలో డబ్బు అయిపోయింది. హోటల్లో తినే స్తోమత లేదు. అందుకని వారాలు చెప్పుకున్నాడు. ఇప్పటి పిల్లలకి ఈ మాట తెలియదు. చదువుకునే పేద కుర్రాడికి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం పెట్టేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఏడు రోజులకి ఏడు ఇళ్ళు కుదిరితే అదృష్టం. నాన్నకి అయిదు కుదిరాయి. మిగిలిన రెండు రోజులూ అటుకులు, మంచినీళ్ళు.

ఈ వారాలు అందరి పిల్లలకీ అందేవి కావు. పెట్టే ఇళ్ళవాళ్ళు కులం చూసే పెట్టేవారు. నాన్న క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడట. నాన్నకంటే బాగా చదివేవాడు. అతనికి ఒక్క గడపా తెరుచుకోలేదు. రెండో ఏడు చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. వారాల సంగతి ఎప్పుడు చెప్పినా నాన్న ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పేవాడు. ఒకటి చెప్పి ఇంకొకటి దాటేసేవాడు కాదు. "నేను తిన్న అన్నం మంచిదే. కానీ వాడికి అందని అన్నం అది" అనేవాడు.

సోమవారం ఇల్లు కలవాళ్ళది. పప్పు, రెండు కూరలు, నెయ్యి, గడ్డపెరుగు. కానీ విస్తరి ముందు కూర్చోగానే ఆ ఇంటాయన లోపలికి కేకేసేవాడట, "వారాలబ్బాయి వచ్చాడు, వడ్డించండి" అని. అరుగు మీద కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూసేవారు. ఆ మనిషిలో చెడ్డతనం ఏమీ లేదని, అదొక అలవాటుగా అనేవాడని నాన్నే చెప్పేవాడు. అయినా అక్కడ నాన్న ఎప్పుడూ మారు అడగలేదు. అంత పెరుగు ముందున్నా గొంతు దిగేది కాదట.

గురువారం ఇంకో ఇల్లు. నాన్న ఆవిణ్ణి చివరిదాకా లక్ష్మివారం మామ్మగారనే అన్నాడు. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో ఒంటి గది. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతురు గుడివాడలో కాపురం. ఆవిడకే జరుగుబాటు అంతంతమాత్రం. ఒక పచ్చడి, మజ్జిగ, వీలైన వారం చారు. మాచవరం నుంచి నాన్న అంత దూరమూ నడిచి వెళ్ళేవాడు.

మొదటి లక్ష్మివారం తిని చెయ్యి కడుక్కోగానే ఆవిడ ఒక పోస్టుకార్డు, సిరాబుడ్డి, కలం తెచ్చి ముందు పెట్టిందట. "నాకు రాయడం రాదు నాయనా. మా అమ్మాయికి నాలుగు ముక్కలు రాసిపెడితే నీకు పుణ్యం ఉంటుంది." నాన్న రాశాడు. ఆ తర్వాత ప్రతి వారం అన్నం తినగానే ఉత్తరం. ఆవిడ చెప్పేది, ఈయన రాసేవాడు. చివర్లో "ఇది రాసిన అబ్బాయి చాలా బుద్ధిమంతుడు" అని తప్పకుండా రాయించేది. నాన్నకి రాయడానికి సిగ్గేసేది. రాయకపోతే ఊరుకునేది కాదు. ఉత్తరం రాసిపెట్టాక నాన్న ఆ గడప దిగేటప్పుడు నడక వేరేగా ఉండేదట. ఊరికే తిని పోతున్నానన్న బెంగ ఆ ఒక్క ఇంట్లోనే లేదు అనేవాడు.

రెండో ఏడు ఒకరోజు గోడకి మేకు కొట్టి తగిలించిన కాగితం నాన్న కంట్లో పడింది. పాల పద్దు. ఏ రోజు ఎన్ని సోలలు పోయించుకుందో తారీకులు వేసి ఉంది. ఆ గదిలో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు.

నాన్న ఆ కాగితం చూడనట్టే పీట మీద కూర్చున్నాడు. ఆ రోజు కూడా తిన్నాక ఆవిడ కార్డు తెచ్చి "నాకు రాయడం రాదుగా నాయనా" అంది. నాన్న రాశాడు. చదువు అయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు. ఈయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇది నాన్న మాకు చాలాసార్లు చెప్పాడు. పాల పద్దు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు మారిపోయేది. "తిండి ఎవరైనా పెడతారమ్మలూ. తిన్నవాడి చేత తిరిగి ఇప్పించుకోవడం ఆవిడకే తెలుసు" అన్నాడొకసారి. మా ఇంట్లో గిన్నె ఎందుకు ఖాళీగా వెళ్ళకూడదో నాకు అప్పుడే అర్థమైంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. ఏం జరిగిందో తెలిసే వయసు కాదు. ఇంట్లో రేడియో దగ్గర పెద్దవాళ్ళు గుంపుగా నిలబడటం, నాయనమ్మ దేవుడి గదిలోనుంచి బయటికి రాకపోవడం గుర్తుంది. పేటలో కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి బట్టలు అడిగారు. అమ్మ ట్రంకు పెట్టె తీసి, మాసినవీ చిరిగినవీ వేరుచేసి మూట కట్టింది. నాన్న ఆఫీసునుంచి వచ్చి ఆ మూట విప్పాడు. ఒక్కొక్కటీ తీసి వెలుతురుకి పట్టి చూశాడు. కోప్పడలేదు. "ఇవి మనం కట్టుకుంటామా?" అని మాత్రం అడిగాడు.

ఆ రాత్రి అమ్మ లాంతరు ముందు కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టింది. తన జాకెట్ల హుక్కులు సరిచేసింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. చిరిగినవి పక్కన పెట్టేసి, తన పెళ్ళి చీరల్లోనుంచి రెండు నేత చీరలు తీసి పెట్టింది. పొద్దున ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసి అన్నీ ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి ఇచ్చింది. బట్టలు తీసుకునేవాళ్ళు ఇస్త్రీ మడతలు చూసే స్థితిలో ఉంటారా అని పక్క వాటా పిన్నిగారు అడిగితే, "వాళ్ళు చూడకపోయినా మనం చూసుకోవాలి కదా పిన్నిగారూ" అంది అమ్మ. కాసేపటికి పిన్నిగారు కూడా తన మూట విప్పుకుని, సూది కోసం మా ఇంటికి వచ్చింది.

మా ఇంట్లో అన్నీ గొప్పగానే ఉండేవని రాస్తే అబద్ధం అవుతుంది. కిటికీ గూట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. మమ్మల్ని బడికి తీసుకెళ్ళే రిక్షా తాత మంచినీళ్ళు అడిగితే, నాయనమ్మ ఆ గ్లాసులోకి పైనుంచి పోసేది. తాగాక ఆయనే కడిగి గూట్లో పెట్టేవాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో నాయనమ్మే కుండలో మజ్జిగ చేసేది. పలచగా చిలికి, ఉప్పు, దంచిన అల్లం, దబ్బాకు వేసి, కుండకి తడిగుడ్డ చుట్టి అరుగు మీద పెట్టేది. దారిన పోయే ఎవరికైనా పోసేది. అంత మజ్జిగ పోసే చెయ్యి, ఆ గ్లాసు దగ్గర మాత్రం ఎడంగా ఉండేది. నేను ఆరో తరగతికి వచ్చేదాకా అందులో తప్పుందని నాకూ తట్టలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

నాన్న నాయనమ్మతో వాదన పెట్టుకునే మనిషి కాదు. ఒక జీతం రోజున బీసెంట్ రోడ్డులో ఆరు స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చాడు. ఆరూ ఒక్కలాంటివి. కొట్టువాడు అలవాటు ప్రకారం పేర్లు చెక్కబోతే వద్దన్నాడట. పాత గ్లాసులన్నీ, ఆ సత్తు గ్లాసుతో సహా, పాత సామాను వాడికి వేసేశాడు. ఆ ఆరు గ్లాసులూ కుండ పక్కన బోర్లించాడు. ఇక ఏ గ్లాసులో ఎవరు తాగారో ఎవరికీ తెలియదు. నాయనమ్మకి విషయం అర్థమైంది. రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. మజ్జిగ చేసింది కానీ అరుగు మీదకి రాలేదు, నన్ను పోయమంది.

ఆ వారమే రిక్షా తాత వాళ్ళ ఊరు వెళ్ళి వస్తూ ఒక ముంజకాయల గెల తెచ్చాడు. అరుగు మీద దింపి, "పిల్లలకని తెచ్చానమ్మగారూ" అన్నాడు. నాయనమ్మ ఏమంటుందోనని నాకు గుండె దడదడలాడింది. ఆవిడ గెల వైపు, తాత వైపు చూసింది. తాత కత్తి తీసి ఒక కాయ తల చెక్కి ఇచ్చాడు. నాయనమ్మ అందుకుని, అక్కడే అరుగు మీద కూర్చుని, బొటనవేలు గుచ్చి ముంజ లాగి నోట్లో వేసుకుంది. నీళ్ళు మోచేతి దాకా కారాయి. "లేతగా ఉన్నాయి" అంది. తర్వాత లేచి ఒక స్టీలు గ్లాసు ముంచి, తాత చేతికి అందించింది. పైనుంచి పోయలేదు, చేతికే ఇచ్చింది.

ఆ రాత్రి నాన్న నాతో, "ఎదుటివాడు తెచ్చింది తీసుకోవడం కూడా మర్యాదే అమ్మలూ" అన్నాడు. ఇచ్చేటప్పుడు అందరం పెద్దవాళ్ళమే. తీసుకునేటప్పుడు కాస్త వంగాలి. నాయనమ్మ వంగిన ఆ ఒక్క క్షణం నాకు ఆవిడ చేసిన మజ్జిగలన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆ మరుసటేడు, 1983లో, నాన్న నన్ను లక్ష్మివారం మామ్మగారింటికి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆవిడ బాగా ముసలిదైపోయింది. సెలవు కాబట్టి ఆదివారం వెళ్ళాం. ఏం తీసుకెళ్తున్నావని అమ్మ అడిగితే, నాన్న సంచీలోనుంచి పోస్టుకార్డుల కట్ట తీసి చూపించాడు. అరటిపళ్ళు అమ్మే పెట్టింది.

సందు చివర అదే ఒంటి గది. ఆవిడ నులకమంచం మీద కూర్చుని ఉంది. చూపు ఆనడం లేదు. నాన్న గుమ్మంలో నిలబడి "మామ్మగారూ" అన్నాడు. ఆవిడ తలెత్తి, గొంతు పోల్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది.

"ఇవాళ ఆదివారం కదరా. నీది లక్ష్మివారం కదూ?" అంది.

నాన్న మాట్లాడలేకపోయాడు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. పోస్టాఫీసు కౌంటర్లో రోజంతా గట్టిగా మాట్లాడే మా నాన్న అలా చేతులు ముడుచుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ చేత్తో నా మొహం తడిమి, జడ ఎంత పొడుగుందో చూసింది. తడుముకుంటూనే లేచి, వద్దన్నా వినకుండా మాకు అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి, మజ్జిగ. పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది. నాన్న మారు అడిగి వేయించుకున్నాడు. ఆయన మారు అడగడం చూసి నేనూ అడిగాను.

చెయ్యి కడుక్కున్నాక నాన్న కట్టలోనుంచి ఒక కార్డు తీసి, జేబులోని పెన్ను తీసి, మఠం వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పండి మామ్మగారూ. అమ్మాయిగారికేనా?"

ఆవిడ నవ్వింది. "ఇప్పుడు నిజంగానే రాయడానికి కావడం లేదురా" అంది.

పాతికేళ్ళుగా ఇద్దరూ దాచుకున్న మాట అది. నాన్న తల వంచుకుని తారీకు వేశాడు. అక్షరాలు తడిసిపోతాయేమోనని కార్డు కాస్త దూరంగా పట్టుకున్నాడు. ఉత్తరం చివర్లో ఆవిడ ఏం చెప్పబోతోందో నాకు ముందే తెలుసు. ఆ వాక్యం కూడా రాయించింది.

1992 కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులూ మా రెండు గదుల్లో ఎంతమంది పడుకున్నారో లెక్క లేదు. అయిదు వాటాల వాళ్ళం వంటలు కలిపేసుకున్నాం. ఎవరి చుట్టాలు ఎవరింట్లో తింటున్నారో తెలిసేది కాదు. ఆ తర్వాత మూడేళ్ళకే ఇల్లుగలవాళ్ళు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. నుయ్యి పూడ్చారు. మేం మొగల్రాజపురం వచ్చేశాం. నాన్న 2011లో, అమ్మ 2019లో వెళ్ళిపోయారు. మా అపార్ట్‌మెంటులో మంచివాళ్ళే ఉన్నారు. ఏదైనా పంపితే ప్లాస్టిక్ డబ్బాలో పంపుతారు, "డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు ఆంటీ" అంటారు. వాళ్ళు మర్యాదకే అంటారు. నాకు మాత్రం మాట మధ్యలో తెగిపోయినట్టు ఉంటుంది. ఆ డబ్బాలో రెండు జామకాయలు వేసి తిరిగి పంపుతూనే ఉంటాను. ఈ మధ్య మూడో అంతస్తు అమ్మాయి స్టీలు గిన్నెలో పంపడం మొదలుపెట్టింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన రోజులవి. సింగ్‌నగర్ అంతా నీళ్ళల్లో ఉంది. మా కొండ పక్క వీధుల్లోకి నీళ్ళు రాలేదు. మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళం కలిసి పులిహోర చేశాం. పొట్లాలు కట్టేటప్పుడు ఒకమ్మాయి "తొందరగా కట్టేద్దాం ఆంటీ, ఎలా ఉంటే ఏం" అంది. అమ్మ ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. ప్రతి పొట్లానికీ అరిటాకు ముక్క వేసి, చివర్లు మడిచి, దారం కట్టాం. ఎవరూ ఫోటోలు తీయొద్దని మా అబ్బాయి ముందే అందరికీ చెప్పాడు. వాడు వాళ్ళ తాతయ్య సోమవారం ఇంటి కథ విని పెరిగినవాడు.

నాలుగో రోజు నేనూ వెళ్ళాను. ఫ్లైఓవరు దగ్గర ట్రాక్టరు ఎక్కి లోపలి వీధుల్లోకి పోయాం. ఇంజను చప్పుడు, మురికినీళ్ళ వాసన, నీళ్ళల్లో తేలుతున్న చెప్పులు. కింది ఇళ్ళన్నీ నీళ్ళల్లోనే ఉన్నాయి. మనుషులు మేడల మీద ఉన్నారు. తాడు కట్టిన బకెట్లు కిందికి దించితే అందులో పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు వేస్తున్నాం. వాళ్ళు పైకి లాక్కుంటున్నారు.

ఒక మేడ మీద నా వయసే ఉన్న ఒకావిడ. నాలుగు రోజుల చీర. బకెట్ దించబోతూ ఆగి, పిట్టగోడ మీదనుంచి వంగి అడిగింది.

"మీరేమైనా తిన్నారా అమ్మా? పొద్దుటినుంచీ తిరుగుతున్నట్టున్నారు."

తిన్నామన్నాను. ఆరు పొట్లాలు వేశాం. బకెట్ పైకి వెళ్ళింది. మా అబ్బాయి డ్రైవరుకి పోనిమ్మని చెప్పబోతుంటే ఆవిడ "ఉండండి, ఉండండి" అని కేకేసి లోపలికి వెళ్ళింది. ఇంకా ఏదైనా కావాలేమో, మందులేమోనని ట్రాక్టరు ఆపించాను. కాసేపటికి బకెట్ మళ్ళీ కిందికి దిగింది. గోడకి తగలకుండా, మెల్లగా దింపుతోంది.

అడుగున న్యూస్‌పేపరు ముక్కలో చుట్టిన బెల్లం గడ్డ.

"ఖాళీది ఎలా దించనమ్మా" అంది పైనుంచి.

నేను రెండు చేతులతో తీసుకున్నాను. ట్రాక్టరు అంచుకి కొట్టి ముక్కలు చేసి, మా అబ్బాయికి, వాడి స్నేహితులిద్దరికి, డ్రైవరుకి తలా ఒకటి ఇచ్చి, ఒకటి నేను నోట్లో వేసుకున్నాను. ఆవిడ పిట్టగోడ దగ్గరే నిలబడి చూస్తోంది. మేం తినేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్ళింది.